పాత డెల్ డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్: పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి 8 వేలలో ఏది వస్తుంది?

ఉప్పల్ ఎడిటర్

అందరికీ నమస్తే. నేను ఉప్పల్‌లో ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నలుగురు ఫొటోగ్రాఫర్లు ఫుటేజ్ హార్డ్ డిస్క్‌లో తెచ్చి ఇస్తారు. నేను కట్ చేసి, పాటలు వేసి, కలర్ సరిచేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను. నాలుగేళ్లుగా ఇల్లు దీని మీదే నడుస్తోంది.

సిస్టమ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. డెల్ ఆప్టిప్లెక్స్ 3020, నిలువుగా ఉండే పెద్ద క్యాబినెట్. ఐ5 4590 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఫుటేజ్ పెట్టుకోవడానికి ఒక టీబీ హార్డ్ డిస్క్. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు, ప్రాసెసర్‌తో వచ్చిన ఇంటెల్ హెచ్‌డీ 4600 మీదే పని. విండోస్ 10, ప్రీమియర్ ప్రో.

మొన్నటి దాకా బాగానే నడిచింది. నాకు ఎక్కువ పని ఇచ్చే అన్న ఈ మధ్య కెమెరా మార్చాడు. అప్పటి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. పాత కెమెరా ఫైళ్లు టైమ్‌లైన్ మీద వేస్తే నీళ్లలా కదిలేవి. కొత్త కెమెరావి 4కే. ప్లే కొడితే మొదటి రెండు సెకన్లు బానే వస్తుంది, తర్వాత బొమ్మ ఆగిపోతుంది, సన్నాయి మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. జీలకర్ర బెల్లం షాట్‌లో కట్ సరిగ్గా ఇద్దరి చేతులు తల మీద పడ్డ క్షణంలో పడాలి. బాజాల ఊపు చెవికి తెలుస్తోంది, చేతులు ఎక్కడున్నాయో కంటికి కనిపించడం లేదు. ఒక్కో ఫ్రేమ్ బాణం కీతో జరుపుకుంటూ వెళ్తున్నాను. తలంబ్రాల దగ్గరికి వస్తే అదీ కష్టమే. 38 నిమిషాల సినిమా ఎక్స్‌పోర్ట్ పెడితే 3 గంటల 10 నిమిషాలు పట్టింది. మధ్యలో కరెంట్ పోతుందేమోనని టెన్షన్. వరసగా ముహూర్తాలున్నప్పుడు రెండు పెళ్లిళ్లు ఒకేసారి వస్తే నిద్ర ఉండదు.

గ్రాఫిక్స్ కార్డ్ వేసుకోమని అందరూ అంటున్నారు. ఏ కార్డ్ అంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. నా బడ్జెట్ 8 వేలు, మహా అయితే ఇంకో వెయ్యి. సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు. గేమ్స్ అస్సలు ఆడను. ఈ డబ్బాకి ఏ కార్డ్ సరిపోతుంది? ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంట్ ఇచ్చే పవర్ సప్లై) కూడా మార్చాలా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇది నాకు పది రోజుల సంపాదన, తప్పు వస్తువు కొంటే మళ్లీ కొనలేను.

కేపీహెచ్‌బీ కుర్రాడు

అక్కా, జీటీ 1030 తీసుకోండి. 30 వాట్లే తింటుంది, విడిగా పవర్ వైర్ అక్కర్లేదు, ఏ పాత డబ్బాలో అయినా కూర్చుంటుంది. మా హాస్టల్‌లో ఇద్దరు అదే వాడుతున్నారు. కాకపోతే జీడీడీఆర్ 5 మెమరీ అని రాసి ఉన్నదే తీసుకోండి. అదే పేరుతో డీడీఆర్ 4 రకం కూడా ఉంది, అది బాగా నెమ్మది. అట్టపెట్టె చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

పార్క్‌లేన్ పాతకాపు

తమ్ముడు డీడీఆర్ 4 గురించి చెప్పింది అక్షరాలా నిజం. జీడీడీఆర్ 5 రకానికి మెమరీ వేగం సెకనుకు 48 జీబీ అయితే, డీడీఆర్ 4 రకానికి 17 కూడా ఉండదు. కానీ అమ్మా, మీ పనికి జీటీ 1030 వద్దు. తొందరపడి కొనకండి.

నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పద్దెనిమిదేళ్లు రిపేర్ బల్ల మీద కూర్చున్నాను. మీలాంటి వీడియో పనివాళ్లు 1030 కొనుక్కుని, ఎక్స్‌పోర్ట్ ఏమీ మారలేదని వారానికి తిరిగి తెచ్చేవాళ్లు. కారణం ఏమిటంటే, ఎన్‌విడియా కార్డుల్లో వీడియోని కుదించి ఫైల్‌గా రాయడానికి విడిగా ఒక భాగం ఉంటుంది, దాన్ని ఎన్‌వెంక్ అంటారు. 1030లో ఆ భాగమే లేదు. వీడియో చూపించగలదు గానీ రాయలేదు. గేమ్ ఆడేవాళ్లకు ఆ లోటు తెలియదు, మీకు మొదటి రోజే తెలుస్తుంది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 కూడా ఇంతే, అందులోనూ అలా రాసే భాగం, అంటే ఎన్‌కోడర్, లేదు. పైగా అది స్లాట్‌లో నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు) వాడుకుంటుంది. మీ 3020లో ఉన్నది హెచ్81 చిప్‌సెట్ బోర్డు, దాని పెద్ద స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 వేగంతోనే నడుస్తుంది. నాలుగు లేన్ల కార్డుని అందులో పెడితే నాలుగు వరసల రోడ్డు మీద వచ్చిన బండ్లన్నీ ఒక సందులోకి దూరినట్టు ఉంటుంది.

కార్డ్ పేరు కంటే ముందు మీ డబ్బా ఏం ఇవ్వగలదో చూడాలి. పక్క మూత తీసి ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదవండి. 3020 పెద్ద క్యాబినెట్‌కి 290 వాట్లది వస్తుంది. మీ ప్రాసెసర్‌కి 84 వాట్లు. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, రెండు డిస్కులకు కలిపి యాభై వేసుకోండి. స్లాట్ ద్వారా కార్డుకి అందే కరెంట్ 75 వాట్లకు మించదు. అన్నీ కలిపితే 210 దగ్గర ఆగుతుంది, కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మార్చే పని లేదు. కానీ ఆ ఎస్‌ఎంపీఎస్‌కి గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చే ఆరు పిన్నుల వైరు ఉండదు. అందుకే మీకు స్లాట్ కరెంట్ మీదే నడిచే కార్డ్ కావాలి.

ఎవరైనా 450 వాట్ల లోకల్ ఎస్‌ఎంపీఎస్ 700 రూపాయలకి వేస్తామంటే ఒప్పుకోకండి. అలాంటివి బరువు చూస్తేనే తెలుస్తాయి, చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా ఉంటాయి. దానికితోడు మీ బోర్డుకి మామూలు 24 పిన్నుల వైరు పట్టదు. ఈ మోడల్‌లో డెల్ ఎనిమిది పిన్నుల సొంత కనెక్టర్ పెట్టింది, మధ్యలో కన్వర్టర్ వైరు వేయాల్సి వస్తుంది. పాతదైనా కంపెనీ ఎస్‌ఎంపీఎస్సే మేలు. ఒకసారి దుమ్ము ఊదించి, ఫ్యాన్ శబ్దం లేకుండా తిరుగుతోందో లేదో చూసుకోండి, చాలు.

ఇన్ని చూశాక మిగిలేవి రెండే. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650. రెండూ 4 జీబీవి, రెండూ 75 వాట్లవి, రెండింటిలోనూ ఎన్‌కోడర్ ఉంది. 1050 టీఐ 2016లో వచ్చింది, 1650 2019లో. నా ఓటు 1650కే. అయితే 1650లోనే కొన్ని మోడళ్లకు నెత్తిన ఆరు పిన్నుల సాకెట్ ఉంటుంది, కంపెనీలు కాస్త వేగం పెంచి అమ్మినవి అవి. అవి మీకు పనికిరావు. సాకెట్ లేనిది, ఒకటే ఫ్యాన్ ఉన్నది, పొట్టిది అడగండి.

కొనే ముందు రెండు విషయాలు చెప్పండి. మీ మానిటర్ వెనక ఏ పోర్టులు ఉన్నాయి? కొత్త కెమెరా ఫైల్ ఏ రకం?

చిక్కడపల్లి కట్స్

నేనూ ఇదే పని చేస్తాను కాబట్టి మీ ఇబ్బంది అర్థమైంది. ఆ చివరి ప్రశ్నే అసలైనది. కెమెరా మారాక మొరాయించిందంటే, పాత కెమెరా హెచ్.264 రాసేది, కొత్తది హెచ్.265 రాస్తోందన్నమాట. దాన్నే హెచ్‌ఈవీసీ అంటారు. సైజు తక్కువ, విప్పడం కష్టం. మీ ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 4600కి హెచ్.264ని విప్పే భాగం ఉంది, హెచ్.265కి లేదు. అందుకే ఆ భారమంతా ప్రాసెసర్ నాలుగు కోర్ల మీద పడుతోంది. బొమ్మ ఆగి సన్నాయి వినిపించేది అందుకే.

మీడియా ఇన్ఫో అని చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైల్‌ని అందులో వేసి, క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగుల సమాచారం ఎంత ఉంచారో చెప్పేది) అన్న వరస చదవండి. 4:2:0 అని ఉంటే మీ అదృష్టం, 1050 టీఐ, 1650 రెండూ దాన్ని సునాయాసంగా విప్పుతాయి, 10 బిట్ అయినా సరే. 4:2:2 10 బిట్ హెచ్.265 అని ఉంటే మాత్రం ఆ రెండు కార్డులూ దాన్ని విప్పలేవు. ఎన్‌విడియా ఆ రకాన్ని విప్పే భాగం (డీకోడర్) ఇచ్చింది 2025లో వచ్చిన 50 సిరీస్ నుంచే. అప్పుడు కార్డ్ ఉన్నా లేకున్నా ప్రాక్సీలు చేసుకోవాల్సిందే.

ప్రాక్సీ సంగతి మీకు తెలుసో లేదో. ఫుటేజ్‌కి చిన్న సైజు నకలు చేసుకుని, దాని మీద కట్ చేసి, ఎక్స్‌పోర్ట్ అప్పుడు అసలుది వాడుకోవడం. రాత్రి పడుకునే ముందు పెట్టేస్తే పొద్దున్నకి తయారవుతాయి. పైసా ఖర్చు లేదు. కార్డ్ వచ్చేలోపు చేతిలో ఉన్న పెళ్లి ఇలా లాగించేయండి.

ఇంకొకటి. ర్యామ్ స్టిక్ ఒకటే ఉందన్నారు. కార్డ్ మీద ఎనిమిది వేలూ పెట్టేయకండి. ఇంకో 8 జీబీ డీడీఆర్ 3 స్టిక్ వేయండి. ఆ బోర్డులో రెండే స్లాట్లు, 16 జీబీ దాకే తీసుకుంటుంది, ఆ 16 నింపేయండి. 4కే ఫుటేజ్‌కి 8 జీబీ చాలనే చాలదు.

ఉప్పల్ ఎడిటర్

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. మూత తీశాను.

ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద 290 వాట్లు అనే ఉంది సార్, మీరు చెప్పినట్టే. ఆరు పిన్నుల వైరు లేదు. మా అమ్మ కుట్టు మిషన్ టేపు తెచ్చి లోపల కొలిచాను. పెద్ద స్లాట్ దగ్గర వెనక పట్టీ నుంచి ముందు హార్డ్ డిస్క్ గూడు దాకా కొలిస్తే 20 సెంటీమీటర్ల పైనే ఖాళీ ఉంది. కాకపోతే హార్డ్ డిస్క్ వైరు అడ్డంగా వంగి ఉంది. దాన్ని పక్కకి కట్టేయొచ్చు.

మీడియా ఇన్ఫోలో ఫైల్ వేశాను. హెచ్‌ఈవీసీ, మెయిన్ 10, 4:2:0, 10 బిట్. అన్నకి ఫోన్ చేసి అడిగితే, మెమరీ కార్డ్ త్వరగా నిండిపోతోందని తనే ఆ సెట్టింగ్ పెట్టానన్నాడు. అదొక్కటి మారితే ఇక్కడ నా బతుకు మారిపోతుందని ఆయనకి తెలియదు. తెలిసి ఉంటే ముందే ఒక మాట చెప్పేవాడు.

మానిటర్‌కి ఇన్నాళ్లూ వీజీఏ వైరే వాడుతున్నాను. వెనక్కి తిప్పి టార్చ్ పెట్టి చూస్తే ఇంకో పోర్టు కూడా ఉంది, నల్ల రబ్బరు మూత వేసి. తీసి చూస్తే హెచ్‌డీఎంఐ. కొన్నప్పటి నుంచి ఉన్నట్టుంది, నేనే ఎప్పుడూ చూడలేదు.

ప్రాక్సీలు చేసి ఒక పెళ్లి పూర్తి చేశాను. కట్ చేయడం చాలా తేలికైంది. ఎక్స్‌పోర్ట్ మాత్రం అంతే టైమ్ పడుతోంది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. 1050 టీఐ ఆన్‌లైన్‌లో ఒకాయన 3,200కి ఇస్తానంటున్నాడు. 1650 అయితే 6 వేల పైనే చెబుతున్నారు. ఆ తేడాతో ర్యామ్ వచ్చేస్తుంది కదా అనిపిస్తోంది.

కేపీహెచ్‌బీ కుర్రాడు

అక్కా ఆగండి. ముందు నాకు జరిగింది వినండి. 1030 విషయంలో నేను తప్పు చెప్పాను, సార్ చెప్పాక తెలిసింది, అందుకే ఇది మాత్రం పూర్తిగా చెబుతాను.

పోయినేడాది నేను కూడా ఇలాగే చౌకగా వస్తోందని 1050 టీఐ 4 జీబీ ఒకరి దగ్గర కొన్నాను. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కలిశాం, కవర్‌లో పెట్టి ఇచ్చాడు, కార్డ్ మీద కొత్త స్టిక్కర్ మెరుస్తోంది. రూమ్‌కి తెచ్చి పెట్టాను. బొమ్మ వచ్చింది. ఎన్‌విడియా సైట్ నుంచి డ్రైవర్ వేస్తే ఎక్కలేదు, సరిపడే హార్డ్‌వేర్ లేదంది. సీనియర్ ఒకతను జీపీయూ-జెడ్ అని కార్డ్ వివరాలు చూపే సాఫ్ట్‌వేర్ తెరిచి చూడమన్నాడు. తెరిస్తే కార్డ్ పేరుకి ముందు ఫేక్ అని రాసి ఉంది. లోపలున్న చిప్ 2010 నాటి జీటీఎస్ 450. ఎవరో దాని బయోస్ (కార్డ్ లోపలి ప్రోగ్రామ్) మార్చి 1050 టీఐ అని పేరు పెట్టారు. విండోస్ డివైస్ మేనేజర్‌లో కూడా 1050 టీఐ అనే చూపిస్తుంది, అక్కడే మోసపోయాను. ఫోన్ చేస్తే స్విచాఫ్. అమ్మ పంపిన మెస్ డబ్బులు అవి. నెలంతా ఫ్రెండ్స్ దగ్గర తిన్నాను.

తర్వాత తెలుసుకున్నది ఏమిటంటే, 1050 టీఐ లాంటి 10 సిరీస్ చిప్‌లకు పాత నీలం వీజీఏ పోర్టుకి సిగ్నల్ ఇచ్చే భాగమే లేదు. నా కార్డ్‌కి వీజీఏ పోర్టు ఉంది. అది చూసిన క్షణంలోనే వెనక్కి ఇచ్చేయాల్సింది. మీకు చూపించే కార్డ్ ఫొటో అడగండి, వీజీఏ కనిపిస్తే అక్కడితో మాట్లాడడం ఆపేయండి.

పార్క్‌లేన్ పాతకాపు

తమ్ముడి అనుభవం వందసార్లు చదవండి. ఇలాంటివి బల్ల మీద నేను ఎన్నో చూశాను. 3,200కి అన్నారంటేనే నాకు అనుమానం.

అది అసలుదే అయినా మీకు 1650 తీసుకోమనే చెబుతాను. 1050 టీఐ పాస్కల్ తరం. ఎన్‌విడియా ఆ తరానికి కొత్త డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేసింది. 2028 అక్టోబర్ దాకా మూడు నెలలకోసారి భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు మాత్రం ఇస్తామంది. 1650 ఆ తర్వాతి ట్యూరింగ్ తరం, దాన్ని ఆపలేదు. మీరు ప్రీమియర్ కొత్త వెర్షన్‌కి మారితే కొత్త డ్రైవర్ అడుగుతుంది, అప్పుడు 1050 టీఐతో ఇరుక్కుంటారు. మూడు వేలు మిగిల్చుకుని ఏడాదికే మళ్లీ కార్డ్ వెతుక్కోవడం మీకు గిట్టదు.

మీ మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఉండడం మంచిదైంది. 1650కి కూడా వీజీఏ ఉండదు. లేకపోతే మధ్యలో కన్వర్టర్ కొనాల్సి వచ్చేది. కలర్ పని చేసేవాళ్లకి వీజీఏ వైరు అసలే మంచిది కాదు, అంచులు మసకబారుతాయి.

పనిరోజు చూసుకుని పొద్దున్నే వెళ్లండి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే నేరుగా ప్యారడైజ్‌లో దిగొచ్చు, లైను మారే పని లేదు. అక్కడి నుంచి పార్క్‌లేన్ దగ్గరే, చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎవరైనా చూపిస్తారు, సీటీసీ అన్నా చాలు. మొదటి షాపులోనే కొనేయకండి. మూడు నాలుగు చోట్ల అడగండి, ధర ఒక్కోచోట ఒక్కోలా చెబుతారు. వీలైతే మీ సీపీయూ డబ్బానే ఆటోలో పట్టుకెళ్లండి. మీ డబ్బాలోనే పెట్టించి, మీ ఫుటేజే వేసి చూసుకోవచ్చు. అంతకంటే మంచి పరీక్ష లేదు.

కార్డ్ చేతికిచ్చాక ముందు బంగారు రంగు పళ్లు చూడండి. అక్కడ నల్లగా మాడిన మచ్చ ఉంటే వద్దు. ఫ్యాన్‌ని వేలితో తిప్పండి, గరగర అనకూడదు, పక్కలకి ఊగకూడదు. స్క్రూల తలలు అరిగిపోయి ఉంటే ఎవరో విప్పి చేశారని అర్థం. దానంతట అది తప్పు కాదు, ఎందుకు విప్పారో అడగండి. తర్వాత జీపీయూ-జెడ్ తెరిపించండి. ఆ తర్వాత ఒక పావుగంట భారం పెట్టే టెస్ట్ నడిపించమనండి. తెర మీద రంగు చుక్కలు, గీతలు వస్తే కార్డ్ పోయే దశలో ఉందన్నట్టు. బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబర్, ఎన్ని రోజుల టెస్టింగ్ వారంటీ అన్నది రాయించుకోండి. నోటి మాట వారంటీ గేటు దాటితే ఉండదు.

చిక్కడపల్లి కట్స్

సార్, ఇంటెల్ ఆర్క్ ఏ380 గురించి ఏమంటారు? ఎన్‌కోడింగ్‌లో చాలా బాగుందని విన్నాను. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కూడా పవర్ వైరు లేకుండానే నడుస్తుందట కదా.

పార్క్‌లేన్ పాతకాపు

ఆర్క్‌లో ఎన్‌కోడర్ నిజంగానే గొప్పది, ఏవీ1 అనే కొత్త రకం వీడియో కూడా రాస్తుంది. కానీ ఆ కార్డులకి రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డులో ఉండాలని ఇంటెలే చెబుతోంది. ఈ 2014 నాటి బోర్డుల్లో అది లేదు. 3050 6 జీబీ 2024లో వచ్చింది, 70 వాట్లే, మంచి కార్డ్. ఆమె బడ్జెట్‌కి రెట్టింపు అవుతుంది. ఈ డబ్బా మీద అంత పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ డబ్బు దాచి రేపు డబ్బానే మార్చుకోవచ్చు.

ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. సొంత కంప్యూటర్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే, మీది నాలుగో తరం. అంటే ఈ సిస్టమ్‌ని ఇంకో పదేళ్లు లాగలేం. అందుకే రేపు వేరే డబ్బాలోకి తీసి పెట్టుకోగలిగే కార్డ్ కొనమంటున్నాను. 1650 అలాంటిదే.

ఉప్పల్ ఎడిటర్

కొన్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది.

డబ్బాని పాత చీరలో చుట్టి, తమ్ముడిని తోడు తీసుకుని ఆటోలో వెళ్లాను. మొదటి షాపులో 1650 ఉందన్నారు, చూస్తే నెత్తిన ఆరు పిన్నుల సాకెట్ ఉంది. "కన్వర్టర్ వేస్తాం మేడమ్, హార్డ్ డిస్క్ వైరు నుంచి లాగొచ్చు" అన్నారు. వద్దన్నాను. రెండో చోట డబ్బా తెరవడానికే ఒప్పుకోలేదు. మూడో చోట ఒక పెద్దాయన డబ్బా తెచ్చినందుకు సంతోషించారు. ఒక ఫ్యాన్ ఉన్న చిన్న కార్డ్, సాకెట్ లేదు. పళ్లు శుభ్రంగా ఉన్నాయి. ధర 6,800 చెప్పారు, 6,300కి ఇచ్చారు. పదిహేను రోజుల వారంటీ బిల్లు మీద రాసి, సీరియల్ నంబర్ నేను చదువుతుంటే ఆయన రాసుకున్నారు. 8 జీబీ ర్యామ్ స్టిక్ కూడా అక్కడే, 900. హెచ్‌డీఎంఐ వైరు 200.

పెట్టి ఆన్ చేస్తే ఏమీ రాలేదు. నల్ల తెర. నాకు కాళ్లు వణికాయి. ఆయన నవ్వి డబ్బా వెనక్కి చూపించారు. మానిటర్ వైరుని అలవాటుగా పాత వీజీఏ పోర్టుకే పెట్టాను. కార్డ్ పోర్టుకి మార్చగానే డెల్ గుర్తు వచ్చింది. కొత్తగా పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

జీపీయూ-జెడ్‌లో సరైన పేరే వచ్చింది. టెస్ట్ పావుగంట నడిపారు, 68 డిగ్రీల దగ్గర ఆగింది.

ఇంటికొచ్చి ప్రీమియర్‌లో మూడు చోట్ల మార్చాను. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్ అన్నచోట ఇన్నాళ్లూ సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఒక్కటే ఉండేది, ఇప్పుడు జీపీయూ యాక్సిలరేషన్ (CUDA) అని వచ్చింది, అది ఎంచుకున్నాను. ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ టిక్ పెట్టి ప్రోగ్రామ్ మూసి తెరిచాను. ఎక్స్‌పోర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ తీసి హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పెట్టాను. ఈ మూడోది మర్చిపోతే కార్డ్ ఉన్నా ఎక్స్‌పోర్ట్ ప్రాసెసరే చేస్తుంది, మొదటిసారి నేను మర్చిపోయాను.

అదే 38 నిమిషాల సినిమా మళ్లీ పెట్టాను. 41 నిమిషాల్లో అయిపోయింది. టాస్క్ మేనేజర్‌లో వీడియో డీకోడ్ గీత కదులుతుంటే కుర్చీలోంచి లేవలేదు, అలాగే చూస్తూ కూర్చున్నాను. జీలకర్ర బెల్లం షాట్ ప్రాక్సీ లేకుండా అసలు ఫైల్ మీదే ప్లే చేశాను. చేతులు తల మీద పడడం, బాజాలు ఒక్కసారిగా మోగడం రెండూ కలిసి వచ్చాయి. తలంబ్రాలు కూడా ఆగకుండా పడ్డాయి. ఒక్కోచోట రంగులు ఎక్కువ మార్చిన క్లిప్ మీద కొంచెం తడబడుతోంది, ప్లేబ్యాక్ రిజల్యూషన్ సగానికి పెడితే పోతోంది.

సార్, మీరు మొదటి రోజు రాయకపోతే నేను ఆ సాయంత్రమే 1030 తెచ్చుకునేదాన్ని. కేపీహెచ్‌బీ తమ్ముడూ, ఈసారి ఉప్పల్ వైపు వస్తే భోజనానికి ఇంటికి రా.

ఒక సందేహం మిగిలింది. రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటే పక్క మూత తీసి ఉంచాలా, వేసి ఉంచాలా? మా గదిలో ఏసీ లేదు, ఎండాకాలంలో మధ్యాహ్నం చాలా వేడి.

పార్క్‌లేన్ పాతకాపు

మంచి పని చేశారమ్మా. కన్వర్టర్ వద్దన్నారు చూడండి, అక్కడే సగం ప్రమాదం తప్పింది. హార్డ్ డిస్క్ వైరు అంత కరెంట్ మోయడానికి చేసింది కాదు, ప్లగ్ కరిగిపోయిన డబ్బాలు నా బల్ల మీదికి వచ్చాయి.

మూత వేసే ఉంచండి. డెల్ ఈ క్యాబినెట్‌ని ముందు నుంచి గాలి లాగి వెనక నుంచి వదిలేలా చేసింది, మూత తీస్తే ఆ దారి పోతుంది, దుమ్ము కూడా నేరుగా కార్డ్ మీద పడుతుంది. డబ్బాని నేల మీద నుంచి ఎత్తి చిన్న స్టూల్ మీద పెట్టండి, వెనక గోడకి జానెడు దూరం ఉంచండి. ఎండలు ముదరకముందే ఒకసారి బ్లోయర్‌తో ఊదించండి. ఊదేటప్పుడు కార్డ్ ఫ్యాన్‌ని వేలితో పట్టుకుని ఊదాలి, లేకపోతే గాలికి అతివేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. యూపీఎస్ ఉందా? లేకపోతే తర్వాతి పెళ్లి డబ్బులతో ముందు అది కొనండి.

ఉప్పల్ ఎడిటర్

యూపీఎస్ ఉంది సార్, బ్యాటరీ మూడు నిమిషాలకే పడిపోతోంది. ఈ వారంలో బ్యాటరీ మార్పిస్తాను. డబ్బాని ఇప్పుడే పాత కుట్టు మిషన్ స్టూల్ మీదికి ఎక్కించాను.